మైపాడు ఒడ్డున గుమ్మెటలు కాచి ఇచ్చిన పెద్దాయనకు

అయ్యా, మీ పేరు అడిగేలోపే జనంలో కలిసిపోయారు. అందుకే ఈ నాలుగు మాటలూ ఇలా రాస్తున్నాము.

ఉదయగిరి కొండల దిగువ పల్లెల పిల్లలు, మైపాడు వైపు మత్స్యకారుల పిల్లలు కలిసి కట్టిన బుర్రకథ అది. ఒకే నెల్లూరు జిల్లా అయినా, కొండవైపు పిల్లల్లో సముద్రాన్ని అప్పుడే మొదటిసారి చూసినవాళ్లు ఉన్నారు. తీరా ఆట మొదలయ్యే వేళకు తేమగాలికి చర్మం మెత్తబడి రెండు గుమ్మెట డోళ్లూ మూగబోయాయి. (గుమ్మెట మోగకపోతే బుర్రకథ కాదు, ఉపన్యాసం!) మీరు కొబ్బరి మట్టలు రాజేసి, సెగ చూపిస్తూ, వేళ్లతో తట్టి చూస్తూ ఓపికగా వాటిని దారికి తెచ్చారు.

అంతటితో ఊరుకోలేదు. తంబుర పట్టిన అమ్మాయి కథ చెబుతుంటే పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడే ఇద్దరూ 'తందాన తాన'తో సరిపెడుతున్నారని గమనించారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందుకోవాలని, ఊరి సంగతులు దూర్చే చోటు అదేనని చెప్పారు. కొండపల్లె కుర్రవాడు తమ తాగునీటి కష్టాన్ని తెచ్చాడు. రేవు కుర్రవాడు ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో చెప్పాడు. అంతవరకు నవ్విన జనం ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు.

మీకు మా అందరి నమస్కారాలు. వచ్చే ప్రదర్శన సీతారామపురంలో. దారి ఖర్చు మాది, మీరు రావాలి.