ఎత్తు పెంచిన బండి వణుకుతుంటే ముందు షాఫ్టు కోణం కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని గజపతి జిల్లా కొండ దారుల్లో తిరిగే పికప్ బండ్లకు వెనుక భాగం ఎత్తు పెంచుకోవడం పర్లాకిమిడి, పాతపట్నం ప్రాంతాల్లో మామూలైపోయింది. సెరంగో, గుమ్మ, ఆర్. ఉదయగిరి వైపు సంతలకు ఖాళీగా ఎక్కి జీడిపిక్కలు, అనాస, అల్లం, చింతపండు వేసుకుని దిగివచ్చే యజమానులు, బరువుకు కమాన్ కట్టలు (వెనుక ఇరుసు మీది ఉక్కు పట్టీల స్ప్రింగులు) కుంగిపోతున్నాయని ఒకటి రెండు పట్టీలు అదనంగా వేయిస్తున్నారు. వాగుల దగ్గర బండి అడుగు రాళ్లకు తగులుతోందని మరికొందరు పొడవాటి షేకిళ్లు (కమాను కొసను బండి చట్రానికి కలిపే లింకులు) బిగిస్తున్నారు. ఆ దారులు చూసినవారెవరూ వారి అవసరాన్ని తప్పుపట్టలేరు. అయితే ఆ పని చేయించిన కొద్ది రోజులకే బండి ఒక వేగం దగ్గర అడుగు నుంచి వణకడం మొదలవుతోంది. అక్కడి నుంచి యజమాని డబ్బు టైర్లకు, వీల్ బ్యాలెన్సింగుకు, క్లచ్చుకు, ఇంజిన్ మౌంటింగులకు వరుసగా ఖర్చవుతోంది తప్ప వణుకు పోవడం లేదు. ఇటువంటి బండ్ల మరమ్మతుతో బతుకుతున్నవాడిగా నేను మీ పత్రిక ద్వారా చెప్పదలచినది ఒక్కటే: ఎత్తు పెంచాక వచ్చిన వణుకుకు మొదట అనుమానించవలసింది గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసు ఉండే హౌసింగుకు శక్తిని అందించే పొడవాటి కడ్డీ అయిన జాయింట్ షాఫ్టు కోణాన్ని. దాన్ని కొలవకుండా ఏ భాగాన్నీ మార్చకూడదు.

షాఫ్టు కొసల్లో ఉండే క్రాస్ జాయింటు (వంగుతూనే తిప్పగలిగే ప్లస్ ఆకారపు కీలు), గేర్‌బాక్సు ఎంత నిలకడగా తిప్పినా, తాను వంగి ఉన్నప్పుడు అవతలి వైపును నిలకడగా తిప్పలేదు. ప్రతి చుట్టులోనూ అవతలి కొస రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు నెమ్మదిస్తుంది. వంపు 3 డిగ్రీలున్నప్పుడు ఈ హెచ్చుతగ్గు ఇటూ అటూ 0.14 శాతం ఉంటే, 10 డిగ్రీల దగ్గర అది 1.5 శాతానికి చేరుతుంది. అంటే వంపు మూడింతలు దాటేసరికి హెచ్చుతగ్గు పదకొండింతలవుతుంది. అందుకే తయారీదారులు షాఫ్టు రెండు కొసల వంపులూ సమానంగా ఉండేటట్టు, వెనుక పినియన్ (హౌసింగులో షాఫ్టు తిప్పే చిన్న గేరు) గేర్‌బాక్సు షాఫ్టుకు సమాంతరంగా నిలిచేటట్టు అమరుస్తారు. ముందు జాయింటు తెచ్చిన హెచ్చుతగ్గును అప్పుడు వెనుక జాయింటు సరిచేస్తుంది. కమాన్ పట్టీలు పెంచితే రెండు వంపులూ కలిసి పెరుగుతాయి. అవి సమానంగానే ఉన్నా, మధ్యలోని షాఫ్టు మాత్రం హెచ్చుతగ్గులతోనే తిరుగుతుంది కనుక వంపు మితిమీరితే వణుకు తప్పదు. వెనుక షేకిలు పొడవు పెంచడం ఇంకా చిక్కు: కమాను వెనుక కొస దిగి, హౌసింగు తిరిగి, పినియన్ ముక్కు పైకి లేస్తుంది. దానితో రెండు కొసల సమానత్వమే పోతుంది. షాఫ్టు రెండు ముక్కలుగా ఉన్న బండ్లలో ఆ ముక్కల మధ్య షాఫ్టును పట్టే సెంటర్ బేరింగు ఛాసిస్‌కు బిగించి కదలకుండా ఉంటుంది కాబట్టి పెరిగిన వంపంతా వెనుక ముక్క మీదే పడుతుంది. అటువంటి బండి నిలిచిన చోటు నుంచి కదిలేటప్పుడే అదురుతుంది.

వణుకు ఎక్కడిదో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. మొదట చక్రాల లోపలి వైపు, షాఫ్టు మీద ఎండి గట్టిపడిన బురదను కడిగించాలి. వానాకాలంలో కొండ దిగిన బండికి ఆ బురద ఒక్కటే చాలు వణుకు తెప్పించడానికి. ఆ తరువాత ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద, ఘాట్ మీద ఎంతమాత్రమూ కాకుండా, వణుకు వచ్చే వేగం దగ్గర బండిని క్షణంపాటు న్యూట్రల్ చేసి చూడాలి. ఇంజిన్ వేగం పడిపోయినా వణుకు అలాగే ఉంటే ఇంజిన్‌నూ క్లచ్చునూ పక్కన పెట్టవచ్చు. చక్రానిదా షాఫ్టుదా అన్నది వణుకు వడిని బట్టి తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ బండ్ల చక్రం సెకనుకు ఏడెనిమిది చుట్లు తిరుగుతుంది. హౌసింగు నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లు) నాలుగు దరిదాపుల్లో ఉంటే షాఫ్టు ముప్ఫై చుట్లు తిరుగుతుంది. చక్రం దోషం స్టీరింగులోనో సీటులోనో నెమ్మదైన ఊపుగా తెలుస్తుంది. షాఫ్టు బ్యాలెన్సు తప్పితే చుట్టుకు ఒక్కసారి, వంపు తప్పితే చుట్టుకు రెండుసార్లు కొడుతుంది కనుక వంపు దోషం అరికాళ్లకు సన్నని జుమ్మనే అదురుగా అందుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెరిగి, వదిలినప్పుడు తగ్గే అదురైతే దాదాపు నిస్సందేహంగా వంపుదే, ఎందుకంటే తొక్కినప్పుడు కమాన్లు మెలిపడి పినియన్ ముక్కు మరింత లేస్తుంది.

అన్నిటికంటే నమ్మదగిన ఆధారం మన డ్రైవర్ల నోటనే ఉంది. ఖాళీగా సెరంగో ఎక్కేటప్పుడు వణికిన బండి, సరుకుతో దిగేటప్పుడు వణకలేదని వారు చెబుతుంటే చాలామంది మెకానిక్కులు చెవిన పెట్టరు. బరువు పడగానే కమాన్లు దిగి షాఫ్టు తన పాత కోణానికి దగ్గరవుతుంది. టైరు లోపమైతే అలా మాయం కాదు. ఆ ఒక్క మాట విన్నా ఎన్నో అనవసరపు బిల్లులు తప్పేవి.

కొలవడం కూడా కష్టమైన పని కాదు. అయస్కాంతంతో అతుక్కునే డిజిటల్ కోణమాపకం ఉంటే చాలు, అది లేకపోతే మొబైల్‌లోని లెవెల్ కూడా ప్రాథమిక అంచనాకు పనికివస్తుంది. గేర్‌బాక్సు ఫ్లాంజి (షాఫ్టును బోల్టులతో బిగించే పళ్లెం), షాఫ్టు, పినియన్ ఫ్లాంజి, ఈ మూడింటి వాలును బండి చదునైన నేల మీద తన చక్రాలపై నిలిచి ఉండగానే రాసుకోవాలి. ఛాసిస్‌ను జాకీతో లేపితే హౌసింగు వేలాడి కోణాలన్నీ అబద్ధం చెబుతాయి. లేపక తప్పకపోతే స్టాండ్లు హౌసింగు కిందే పెట్టాలి. ఒకసారి ఖాళీ బండికి, ఒకసారి మామూలుగా వేసే బరువుతో కొలవాలి. ఒక్కో జాయింటు వంపు 3 డిగ్రీలకు లోపు, రెండింటి మధ్య తేడా ఒక డిగ్రీకి లోపు ఉంటే మంచిది. అలాగని వంపు సున్నా కావడమూ మేలు కాదు, అర డిగ్రీ అయినా లేకపోతే క్రాసులోని సూది బేరింగులు కదలక ఒకే చోట అరిగిపోతాయి. తేడా కనబడితే కమానుకూ హౌసింగుకూ మధ్య తగిన డిగ్రీల వాలున్న ఉక్కు ముక్కలు పెట్టి పినియన్‌ను తిప్పవచ్చు, రెండు ముక్కల షాఫ్టయితే సెంటర్ బేరింగును దించవచ్చు. షాఫ్టు విప్పే ముందు గుర్తులు పెట్టకపోవడం మన దగ్గర మరో పెద్ద లోపం. షాఫ్టు ముక్కలు కలిసే పళ్ల గాడిలో, అంటే స్ప్లైన్‌లో, ఒక్క పన్ను తప్పి ఎక్కించినా రెండు కొసల యోకులు (క్రాసును పట్టే కొమ్ములు) ఒకే వరసలో నిలవవు, కొలతలన్నీ సరిగా ఉన్నా బండి వణుకుతూనే ఉంటుంది.

ఇది సుఖప్రయాణం కోసం చెబుతున్న మాట కాదు. అధిక వంపులో తిరిగే క్రాసు గ్రీజు కోల్పోయి, బేరింగు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాల్చి, చివరికి విరుగుతుంది. ఘాట్ దిగుతున్న బండికి షాఫ్టు విరిగితే ఇంజిన్ బ్రేకింగు (గేరులో ఉన్న ఇంజిన్ బండిని నిలువరించే బలం) పూర్తిగా పోయి, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ముందు కొస ఊడి నేలకు దిగబడితే బండినే ఎత్తి పడేయగలదు. సరుకుతోపాటు మనుషులు కూడా ఎక్కే బండ్లివి.

బండి ఎత్తు పెంచడం చట్టరీత్యా కూడా చిన్న సంగతి కాదని యజమానులకు చెప్పేవారు కరువయ్యారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడు సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కుంగిన కమాన్లకు బదులు తయారీదారు ఇచ్చిన కొలతలోనే కొత్తవి వేసుకుని, పరిమితిలో బరువు వేస్తే చాలా బండ్లకు ఎత్తు పెంచవలసిన అవసరమే ఉండదని నా అనుభవం.

ఇప్పటికే ఎత్తు పెంచిన బండ్లు వందల ఊళ్ల మధ్య తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి, కమాన్ కట్టల పని చేసే ప్రతి షాపూ పనికి ముందు, పని తరువాత తీసిన మూడు కోణాలనూ బిల్లు మీద రాసి ఇవ్వాలని, యజమానులు ఆ అంకెలు అడిగి తీసుకోవాలని, ఫిట్‌నెస్ తనిఖీలో బండి కిందికి వంగి షాఫ్టునూ క్రాసులనూ చూడాలని, ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు రెండు వైపులా ఉన్న ఐటీఐలలో మోటారు మెకానిక్ విద్యార్థుల చేత ఈ కొలత చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వాహన మరమ్మతుదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా