పాత కంప్యూటర్ ఆటల సంఘం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం.

‘డిసెంట్’ మార్కెట్లోకి వచ్చి ఈ ఏడాదికి 30 ఏళ్లు. అందుకని గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే, శిబిరాలు, జోడీల పోటీ పెట్టి ఏడాదిలో ఎక్కువ భాగం ఆ ఒక్క ఆటకే ఇచ్చాం. ఇంత పాత ఆట కోసం ఇంతమంది వస్తారని కార్యవర్గంలో సగం మందికి నమ్మకం లేదు.

ఎప్పుడూ ఆడనివారి కోసం రెండు ముక్కలు. ఇల్లినాయిలోని పారలాక్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది, ఇంటర్‌ప్లే విడుదల చేసింది. ఆటగాడు పైరో-జీఎక్స్ అనే చిన్న నౌకలో గనుల్లోకి దిగి, అదుపు తప్పిన రోబోలను కూల్చి, బందీలను విడిపించి, రియాక్టర్‌ను పేల్చి బయటపడాలి. గనులు చంద్రుడి దగ్గర మొదలై ప్లూటో ఉపగ్రహం కేరన్ దాకా ఉంటాయి. రియాక్టర్ పేలగానే గడియారం వెనక్కి లెక్కపెడుతుంది. కఠిన స్థాయి పెంచుకున్నకొద్దీ ఆ గడువూ తగ్గుతుంది. బయటికి దారి తెలిస్తే బతికామన్నమాట.

అసలు విశేషం కదలికలో ఉంది. 1993 నాటి ‘డూమ్’ అనే ఆటలో ఒక గది మీద ఇంకో గది కట్టడం కుదరలేదు. ‘డిసెంట్’లో ఆరు ముఖాల గదులను ఎటు కావాలంటే అటు అతికిస్తూ గని కట్టారు. నౌక మూడు దిశల్లో జరుగుతుంది, మూడు రకాలుగా తిరుగుతుంది. నేల ఏదో కప్పు ఏదో కాసేపటికి ఎవరికీ తెలియదు. మొదటి శిబిరంలో కొందరికి తల తిరిగి మధ్యలోనే లేచి వెళ్లారు. నౌక తనంతట తాను నిటారుగా సర్దుకునే ఆప్షన్ ఒకటుంది. కొత్తవాళ్లకు ముందు అదే పెట్టి, అలవాటయ్యాక తీసేయమన్నాం.

జోడీల పోటీలో ‘ట్రైకార్డింగ్’ తెలిసినవారిదే పైచేయి అయింది. ముందుకు, పక్కకు, పైకి మూడు మీటలూ ఒకేసారి నొక్కితే వేగం దాదాపు 1.73 రెట్లు అవుతుంది. మూడుకు వర్గమూలం అంతే కదా! జాయ్‌స్టిక్ గొప్పదా, కీబోర్డు గొప్పదా అన్న వాదన మాత్రం తెగలేదు. తెగితే సమావేశాలకు ఎవరూ రారేమో.

ఇవన్నీ కొత్త కంప్యూటర్ల మీద జరిగాయంటే కారణం, తయారీదారులు 1990ల చివర్లో సోర్స్ కోడ్‌ను, అంటే ఆట ప్రోగ్రామ్ మూలపాఠాన్ని, బయటపెట్టడమే. దాని మీద అభిమానులు కొత్త కంప్యూటర్ల కోసం కట్టిన డీఎక్స్‌ఎక్స్-రీబర్త్ అనే ప్రోగ్రామ్‌నే మేం వాడాం. అయితే గనుల చిత్రాలు, శబ్దాలు ఉన్న ఫైళ్లు ఇప్పటికీ యజమానుల సొత్తే. వాటిని సంఘం పంచదు, సభ్యులు ఎవరి కాపీ వారు కొనుక్కోవాలి. దీని మీద విసుక్కున్నవారు ఉన్నారు, కానీ కార్యవర్గం మాట మార్చదు.

జమాఖర్చులు విడిగా పంపాం. పాత కంప్యూటర్ల గేమ్‌పోర్టు అనే సాకెట్‌కు తగిలించే జాయ్‌స్టిక్‌లకు యూఎస్‌బీ అడాప్టర్లు కొనడమే పెద్ద ఖర్చు. చందా బాకీ ఉన్నవారు కోశాధికారిని కలవగలరు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. ఒకటి 1999 నాటి ‘డిసెంట్ 3’. గనుల నుంచి ఆరుబయటికి కూడా తీసుకెళ్లే ఆట, దాని కోడ్ 2024లో బయటికొచ్చింది. రెండోది ‘ఓవర్‌లోడ్’. పారలాక్స్ స్థాపించిన మైక్ కులాస్, మాట్ టాష్లాగ్ 2018లో మళ్లీ కలిసి తెచ్చినది. కార్యదర్శిగా నా మొగ్గు రెండోదానికే. ఓటింగ్ సర్వసభ్య సమావేశంలో, చేతులెత్తి.

— కార్యదర్శి