మావయ్య సంవత్సరీకం డబ్బు

పలాస,
ఆదివారం

అమ్మడూ,

మావయ్య సంవత్సరీకానికి నువ్వు పంపుతానన్న 50 వేల గురించి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. అత్త పక్కనే ఉంది. భోజనాలు ఇంటివరకే పెడుతున్నాం, దానికి మా దగ్గరున్నది చాలు. నీ డబ్బు మెదడు క్యాన్సర్ మీద పరిశోధన చేసే చోటికి పంపు.

నువ్వు మావయ్యని ఆఖర్న చూశావు, మొదట్లో చూడలేదు. 30 ఏళ్ళు జీడిపిక్కల వ్యాపారం చేసిన మనిషి. ఒకరోజు పొద్దున్నే అరచేతిలో పిక్క పెట్టుకుని, దాన్నేమంటారో గుర్తురాక నా మొహంలోకి చూశాడు. బొటనవేలితో అటూ ఇటూ తిప్పుతూ "అదే... అదే..." అన్నాడు. "పిక్కరా" అన్నాను. తల దించేసుకున్నాడు. ఆ తర్వాతే స్కానింగ్, మెదడులో గ్లియోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ అన్న మాటా.

ఆపరేషన్ బాగా చేశారు కదా, మళ్ళీ ఎలా వచ్చిందని అత్త ఇప్పటికీ అడుగుతుంది. ఆ గడ్డకి అంచంటూ ఉండదు. చేలో తుంగ పీకినట్టే, పైది వచ్చేస్తుంది, కంటికి కనపడని వేళ్ళు మంచి మెదడులో ఉండిపోతాయి. ఇంకా లోతుకి కోస్తే మాటో, చెయ్యో పడిపోతుంది. మందులిద్దామంటే, చాలావాటిని రక్తంలోంచి మెదడులోకి పోనివ్వని అడ్డు మన ఒంట్లోనే ఉంది. మావయ్య మింగిన టెమోజోలమైడ్ మాత్ర 2005 నుంచీ రేడియేషన్‌తో కలిపి ఇస్తున్నదే. అప్పటి పరీక్షలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో సగం మంది 12 నెలలు దాటితే, మాత్ర కూడా వేసుకున్నవాళ్ళలో సగం మంది 14న్నర నెలలు దాటారు. ఆ రెండున్నర నెలల్ని నేను తక్కువ చేయను. కానీ ఇవాళ జబ్బు బయటపడినవాళ్ళకీ అదే మాత్రతో మొదలంటే కడుపు తరుక్కుపోతోంది.

మన ఉద్దానమే చూడు. కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు గుల్లయ్యాక, 2023 డిసెంబర్‌లో ఇక్కడ పరిశోధన కేంద్రం తెరిచారు! ఎందుకొస్తోందో ఖాయంగా ఇంకా తేలనే లేదు. డయాలసిస్ ఎంత అవసరమో, ఆ కారణం వెతికేవాళ్ళూ అంతే అవసరం.

50 వేలతో మందు పుట్టదని తెలుసు. పెద్ద ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి. అయినా మనం ఇవ్వాలి. టాటా మెమోరియల్‌కి నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో పరిశోధన కేంద్రం ఉంది, ముందు అక్కడ కనుక్కో. పరిశోధనకే అని స్పష్టంగా చెప్పి ఇవ్వు.

అత్తకి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, రసీదు మావయ్య పేరున రాయించమంది.

అమ్మ