నెల్లూరు ఆటోనగర్ అన్నకు, నాలుగు రోజులు బస్సులో తిరిగిన మాస్టారికి

కావలిలో నాది చిన్న షెడ్డు. 16 ఏళ్లుగా పెట్రోలు, డీజిల్ బండ్లే చేస్తున్నా. పోయిన నెల నన్ను అప్పులో దిగకుండా ఆపినవాళ్లకు నలుగురిలో థాంక్స్ చెప్పాలని ఇది రాస్తున్నా.

రిటైరైన మాస్టారొకాయన తన టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ తీసుకొచ్చారు. అంటే పెట్రోలు ఇంజినుతో పాటు పెద్ద బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్న కారు. 2014 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మీటర్లో 'చెక్ హైబ్రిడ్ సిస్టమ్' అని వస్తోంది. అంతకుముందు చూపించిన చోట పెద్ద బ్యాటరీ పోయింది, లక్షల్లో అవుతుంది అన్నారట. "నువ్వూ ఒకసారి చూడు నాయనా, కాదంటే అమ్మేస్తా" అన్నారు. బండి కంప్యూటర్ నుంచి ఫాల్టులు చదివే నా స్కానర్ పెడితే ఇంజిన్‌లో ఏ ఫాల్టూ లేదంది. ఎదురుగా లైటు మాత్రం వెలుగుతూనే ఉంది! ఫోన్‌లో ఫాల్టులు చూడ్డానికి 400 పెట్టి కొన్న బ్లూటూత్ ముక్క ఇంకోటి ఉంది. అది కనెక్ట్ అవుతుంది, సగంలో తెగిపోతుంది.

టెన్షన్‌లో 60 వేల ట్యాబ్ స్కానర్ ఒకటి ఈఎంఐలో తీసుకుందామని దాదాపు ఖాయం చేసుకున్నా. అన్ని కార్లూ చదువుతుందని అమ్మేవాడు ఒకటే ఊదరగొట్టాడు. మా ఆవిడ ఒక్కటే అడిగింది, మన దగ్గరికి హైబ్రిడ్‌లు నెలకు ఎన్నొస్తాయని. ఒకటి. అదీ ఇదే.

అప్పుడు ఫోన్ చేశా, నెల్లూరు ఆటోనగర్‌లో కారు వైరింగ్ పని చేసే అన్నకు. పేరు రాయొద్దన్నాడు. ఆయన ధర అడగలేదు. "అబ్బయా, ఆ పెట్టె క్యామ్రీలో హైబ్రిడ్ బ్యాటరీ ఈసీయూ, అదే బ్యాటరీని చూసుకునే కంప్యూటర్, తెరుస్తుందా? తెరిచి చూపిస్తూ వీడియో పంపమను. ఏడాది తర్వాత అప్‌డేట్‌కి ఎంత గుంజుతాడో కూడా కనుక్కో" అన్నాడు. ఆ వీడియో ఇంతవరకు రాలేదు.

ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగుతో రైలు దిగాడు. నా స్కానర్ తప్పేం లేదట. స్కానర్ గుచ్చే పోర్టు ఈ కాలం కార్లకు దాదాపు అన్నింటికీ అదే 16 పిన్నులది. కానీ మామూలు స్కానర్‌కి తెలిసింది ఇంజిను, పొగ లెక్కలే. హైబ్రిడ్‌లో బ్యాటరీకి, బ్రేకులకు వేరే కంప్యూటర్లు ఉంటాయి, వాటిని కంపెనీ పద్ధతిలో అడిగితేనే పలుకుతాయి.

స్కానర్ కంటే ముందు మల్టీమీటర్ తీశాడు. డిక్కీలో ఉన్న 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూశాడు. అది డౌనైతే హైబ్రిడ్ బండి లేని రోగాలన్నీ చెప్పుకుంటుందట. అది బాగానే ఉంది. తర్వాత ల్యాప్‌టాప్‌లో టొయోటా వాళ్ల సాఫ్ట్‌వేర్ టెక్‌స్ట్రీమ్ పెడితే ఫాల్టు కోడ్ పడింది: పీ0ఏ82. అంటే బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను సరిగ్గా పని చేయడం లేదు. బ్యాటరీయే పోతే మామూలుగా పడేది పీ0ఏ80. ల్యాప్‌టాప్ నుంచే ఫ్యాను తిప్పించాడు. మోటారు తిరుగుతోంది, గాలి మాత్రం లేదు.

విప్పే ముందు చేసింది చెప్పి తీరాలి. రబ్బరు గ్లౌజులు అంచు నుంచి చుట్టి, గాలి పోతోందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఆ తర్వాతే తొడుక్కుని పెద్ద బ్యాటరీ కరెంటు తెంచే నారింజ రంగు సర్వీస్ ప్లగ్గు పీకి, తన ప్యాంటు జేబులోనే వేసుకున్నాడు, ఎవరూ పొరపాటున మళ్లీ పెట్టకుండా. పది నిమిషాలు ఆగాడు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. 245 వోల్టులతో తొందరేంటి అంటాడు.

ఫ్యాను బయటికి తీస్తే రెక్కల నిండా దుమ్ము, దాని మీద నల్లటి బొచ్చు. మాస్టారి మనవడి కుక్కపిల్ల వెనక సీట్లోనే కూర్చుంటుందట! బ్రష్షుతో గీకి, బ్లోయర్ కొట్టి బిగించాం. హైవే ఎక్కించి తొక్కితే పెద్ద బ్యాటరీలోని 17 బ్లాకుల, అంటే సెల్లుల గుంపుల, వోల్టేజీలు స్క్రీన్ మీద పక్కపక్కనే నడిచాయి, మధ్యలో తేడా 0.2 వోల్టు దాటలేదు. ఒక్క సెల్లు చచ్చినా ఆ బ్లాకు వోల్టు పైనే కిందికి జారేదట.

చివరికి నేను కొన్నది 3 వేల లోపు బ్లూటూత్ అడాప్టరు, ఫోన్‌లో హైబ్రిడ్‌ల కోసం చేసిన యాప్. బ్లాకులు, వేడి, ఫ్యాను చూడ్డానికి నాకది చాలు. నా పాత ముక్క 2.1 అని రాసున్న నకిలీ రకం, వాటిలో కొన్ని కమాండ్లే ఉండవట. ఈ బండ్లలో బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడం లాంటి పనులకు మాత్రం టెక్‌స్ట్రీమ్ స్థాయిది కావాలి. "ఆ పనొచ్చిన రోజు నా ల్యాప్‌టాప్ పంపిస్తాలే" అన్నాడు అన్న.

డబ్బులు తీసుకోలేదు. మా ఇంట్లో చేపల పులుసు తిన్నాడు, మామిడికాయ వేయలేదని మా ఆవిడ ముందే అన్నాడు కూడా. నెల్లూరాయనకు పులుసు పెట్టడం నాదే బుద్ధి తక్కువ.

నాలుగు రోజులు ఒక్క ఫోనైనా చేసి తొందరపెట్టకుండా బస్సుల్లో తిరిగిన మాస్టారికి దండాలు. ఈఎంఐ కాగితాలు నాకు కనపడకుండా దాచిన మా ఆవిడకు కూడా.

అన్నా, నీ ల్యాప్‌టాప్ చార్జరు నా షెడ్డులోనే మర్చిపోయి వెళ్లావు. ఈ ఆదివారం నేనే తెచ్చిస్తా.