హేవలాక్ వంతెన మీద ముందు దారి పడాలి

సంపాదకులకు నమస్కారం.

గోదావరి మీద 1900లో రాకపోకలు మొదలై, 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దుతారన్న వార్తలు చదివినప్పుడల్లా, రాజమహేంద్రవరంలో పుట్టి పెరిగినవాడిగా నాకు సంతోషమూ, దాని వెంటే కొంత బెంగా కలుగుతున్నాయి. దుకాణాలు, దీపాలు, ఫొటోలు దిగే చోట్లు ఎన్నయినా రానివ్వండి గాని, ఈ ఒడ్డు నుంచి కొవ్వూరు ఒడ్డు దాకా ఎక్కడా తెగని నున్నటి దారి ముందు పడాలని, మిగిలినవన్నీ దాని పక్కన సర్దుకోవాలని నా మనవి.

ఈ సంగతి నాకు స్కేట్‌బోర్డు మీద తెలిసివచ్చింది. నేను అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ఉంటున్నాను. ఇదే రాష్ట్రం ఉత్తర భాగంలో, మన తెలుగువాళ్లు ఎందరో కాపురముండే యాష్‌బర్న్, హెర్న్‌డన్ ఊళ్ల మీదుగా డబ్ల్యూ అండ్ ఓడీ (వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్) అనే దారి ఉంది. అది ఒకప్పటి రైలు మార్గం. 1968లో రైళ్లు ఆగాక ఆ స్థలం ఒక విద్యుత్ సంస్థ చేతికి వెళ్లింది. కరెంటు తీగలు దాని వెంటే సాగాయి, కట్ట మాత్రం ముక్కలు కాకుండా మిగిలింది. ప్రాంతీయ పార్కుల సంస్థ 1974లో ఫాల్స్ చర్చ్ దగ్గర మొదలుపెట్టి 1988 నాటికి పర్సెల్‌విల్ దాకా తారు దారి పరిచింది. తూర్పు కొసన షర్లింగ్టన్ నుంచి పడమటి కొసన పర్సెల్‌విల్ దాకా మొత్తం 72 కిలోమీటర్లు.

పోయిన అక్టోబరులో వీపున ఏడు కిలోల సంచితో నేను ఈ దారిని పర్సెల్‌విల్ నుంచి షర్లింగ్టన్ దాకా రెండు రోజుల్లో దాటాను. రాత్రికి హెర్న్‌డన్‌లో మా పిన్ని ఇంట్లో ఆగాను. ఒక కాలు బోర్డు మీద ఉంచి రెండో కాలితో నేలను తన్నుతూ పోవాలి కాబట్టి ప్రతి తన్నుకూ సంచి పక్కకు ఊగుతుంది. నడుం పట్టీ బిగించకపోతే అదే మనిషిని పడేస్తుంది. రైలింజను నిటారు ఎక్కలేదు గనుక ఆనాటి ఇంజనీర్లు మిట్టను తవ్వి, పల్లాన్ని పూడ్చి, వాలును మైళ్ల పొడవునా సాగదీశారు. ఆ పనితనం ఎంత గొప్పదో, క్లార్క్స్ గ్యాప్ నుంచి లీస్‌బర్గ్ వైపు చెప్పు అరిగేలా కాలితో బ్రేకు వేసుకుంటూ దిగినప్పుడు నా పాదాలకు తెలిసింది. నూట యాభై ఏళ్లు దాటిన ఆ శ్రమ ఈనాటికీ ఉపయోగపడుతున్నదంటే, కారణం ఆ దారి ఒకే ముక్కగా మిగలడమే.

ఇక వంతెనల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నా బోర్డు చక్రం వ్యాసం 85 మిల్లీమీటర్లు. చిన్న పుల్ల అడ్డుపడినా బోర్డు ఆగిపోతుంది, మనిషి మాత్రం సంచితో సహా ముందుకు పోతాడు. మరో రాష్ట్రంలో ఒక పాత రైలు వంతెన మీద చెక్కలను దారికి అడ్డంగా కాక పొడుగునా పరిచారు. వాటి మధ్య సందులో ముందు చక్రం దిగబడి, నేను మోచేతుల మీద పడ్డాను. చెక్కలు అడ్డంగా ఉంటే చక్రాలు గడగడలాడతాయి గాని దాటిపోతాయి. పొడుగు సందులో సైకిలు చక్రమూ ఇరుక్కుంటుంది, చక్రాల కుర్చీ ముందు చక్రమూ ఇరుక్కుంటుంది.

హేవలాక్ వంతెనకు 56 అంకణాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాలు. ఇనుము ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది కనుక అంకణానికీ అంకణానికీ మధ్య సందు ఉండక తప్పదు. ఆ సందులన్నింటి మీదా, ఒక అంచు బిగించి రెండో అంచు కదిలేలా వదిలిన పలకలు అమర్చితే, చంటిబిడ్డ బండి తోసే తల్లి నుంచి నావంటి వారి దాకా అందరూ దాటగలరు. స్కేట్‌బోర్డు కోసం వంతెన బాగుచేయమని నేను అడగడం లేదు. చిన్న చక్రం పోగలిగిన దారి మీద అందరూ పోగలరని చెబుతున్నాను.

నమూనాలు ఖరారు చేసే అధికారులు రెండు కొసలను కూడా మరచిపోకూడదు. సుమారు మూడు కిలోమీటర్లు నది మీద దొర్లివచ్చిన మనిషి చివర మెట్ల ముందు ఆగిపోకుండా, రాజమహేంద్రవరం వైపూ కొవ్వూరు వైపూ దిగడానికి సన్నని వాలు కట్టించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రిచ్‌మండ్, వర్జీనియా