అది ఆట అని గువ్వకు తెలియదు

సంపాదకుల వారికి నమస్కారం.

జంతువులతో ఆడించే ప్రదర్శనల మీద మీ ఉత్తరాల పేజీలో నడుస్తున్న వాదన చదువుతున్నాను. "ప్రేమగా మచ్చిక చేస్తే తప్పేముంది, వాటికీ అదొక సరదాయే కదా" అని ఒక పాఠకుడు రాశారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఇరవై ఆరేళ్లు నేనూ అదే మాట చెప్పాను. స్టేజీ మీద మ్యాజిక్ చేసి బతికినవాణ్ని. ఖాళీ చేతిరుమాలు దులిపి అందులోంచి తెల్ల పావురాన్ని తీసే మనిషిని మీరూ చూసే ఉంటారు. అలాంటివాళ్లలో నేనొకణ్ని.

జనం పావురం అంటారు గానీ మేం వాడేది గువ్వ. పావురం కంటే చిన్నది, నెమ్మదైనది, చీకటి చేస్తే కదలదు. మాకు కావలసింది అదే. కోటు పాడవుతుందని షోకి ముందు కొన్ని గంటలు మేత పెట్టం. రెక్కలు ముడిచి, చిన్న గుడ్డ సంచిలో పెట్టి, కోటు లోపల తగిలించుకుంటాం. అది బయటికి ఎలా వస్తుందో మాత్రం చెప్పను, ఆ విద్య మీద బతికేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది దాని గుండె సంగతి. చొక్కా గుండా నా పక్కటెముకలకు తగిలేది. లెక్కపెట్టగలిగే కొట్టుకోవడం కాదది, వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్ లాంటి వణుకు. కొత్తలో బాగా తెలిసేది. తర్వాత అలవాటైపోయి, తెలియడం మానేసింది.

ఒకసారి నాకు ముందు మాట్లాడుతున్న పెద్దమనిషి "ఇంకో అయిదు నిమిషాలు" అంటూ నలభై నిమిషాలు లాగాడు. నేను తెర పక్కన కోటు వేసుకుని, లోపల రెండు గువ్వలతో నిలబడి ఉన్నాను. కోటు విప్పితే మళ్లీ సర్దుకునే టైమ్ ఉండదని టెన్షన్. చివరికి లైట్ల కిందికి వెళ్లి మొదటి గువ్వను తీశాను. నోరు తెరుచుకుని ఉంది, గొంతు కింద తోలు టపటపా ఆడుతోంది. పక్షులకు చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కితే అలాగే రొప్పుతాయి. హాలంతా చప్పట్లు. షో అయ్యాక ఒకావిడ వచ్చి, "ఎంత ముద్దుగా నోరు తెరిచి పాడుతోందండీ, మీరే నేర్పారా?" అని అడిగారు. నవ్వి తలూపాను. కోళ్లలా గువ్వలు గుక్క గుక్కకీ తల పైకెత్తి మింగవు, ముక్కు ముంచి పీల్చుకుంటాయి. ఆ రాత్రి అది గిన్నెలో ముంచిన ముక్కు చాలాసేపు పైకి తీయలేదు.

ఆ రోజుతో నేను మారిపోయానని రాస్తే ఉత్తరం బాగుండేది. మారలేదు. ఆ తర్వాత కూడా ఆరేళ్లు గువ్వలతోనే చేశాను. అవి ముసలివయ్యాయి, కొత్తవి కొనలేదు, అంతే.

కొనకపోవడానికి కారణం మాత్రం ఉంది. మ్యాజిక్ మోసమే, కాకపోతే అందరూ ఒప్పుకున్న మోసం. టికెట్ కొన్నవాడికి తెలుసు, నాకు తెలుసు. పెట్టెలో పడుకుని రెండు ముక్కలయ్యే అమ్మాయికీ తెలుసు. ఆ అమ్మాయికి డబ్బులిస్తాం, ఒంట్లో బాగోకపోతే రానని ఫోన్ చేస్తుంది. ఆ స్టేజీ మీద ఇదంతా ఆట అని తెలియనిది గువ్వ ఒక్కటే.

ఈ పితలాటకం మా వృత్తిలో కొత్తది కాదు. కార్ల్ హెర్ట్జ్ అనే అమెరికన్ మెజీషియన్ పంజరంతో సహా కెనరీ పిట్టను మాయం చేసేవాడు. ప్రతి షోలోనూ ఒక పిట్ట నలిగి చస్తోందని పుకారు పుట్టింది. 1921లో ఆయన బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి, ఆ ట్రిక్ చేసి, పిట్టను ప్రాణాలతో చూపించాడు. కమిటీ వారికి చూపించింది లోపలికి వెళ్లిన పిట్టేనా అన్న అనుమానం మాత్రం నాకు ఇప్పటికీ ఉంది. పిట్టల్ని మార్చడమే మా విద్య కదా! 1925లో అక్కడ చట్టం వచ్చింది, జంతువులతో ప్రదర్శనలిచ్చేవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలని.

పెద్ద జంతువుల దగ్గర పొరపాటు ఖరీదు పెరుగుతుంది. 2003 అక్టోబర్ 3న లాస్ వేగాస్‌లో రాయ్ హార్న్ అనే ప్రఖ్యాత మెజీషియన్‌ను షో మధ్యలో ఆయన పెంచిన తెల్లపులే మెడ కరిచి ఈడ్చుకుపోయింది. ప్రాణం దక్కింది గానీ మనిషి మళ్లీ మామూలు కాలేదు. తనకు స్ట్రోక్ వచ్చిందని, పులి కాపాడాలని చూసిందని ఆయన చెప్పుకున్నాడు. కాదు, దాడే అన్నారు ఇంకొందరు. పులిని అంత దగ్గరగా ఎరిగినవాళ్లే దాని మనసులో ఏముందో తేల్చుకోలేకపోతే, పదో వరసలో కూర్చుని "దానికి సరదాగా ఉంది" అని మనం ఎలా చెప్పగలం? డాల్ఫిన్ మూతి పుట్టుకతోనే నవ్వుతున్నట్టు ఉంటుంది, చచ్చినా అలాగే ఉంటుంది. చింపాంజీ పళ్లు బయటపెట్టి ఇకిలిస్తే చాలాసార్లు అది భయం. గొలుసుకు కట్టిన ఏనుగు అటూ ఇటూ ఊగుతుంటే డాన్స్ అనుకుని పిల్లలకు చూపిస్తాం.

అవి మాత్రం మనల్ని బాగానే చదువుతాయి. వందేళ్ల కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు. జవాబు ఎంతో అన్నిసార్లు డెక్క కొట్టి ఆపేది. 1907లో ఓస్కర్ ఫుంగ్‌స్ట్ అనే సైకాలజిస్టు గుట్టు పట్టాడు. ప్రశ్న అడిగినవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు. అది లెక్కలు చేయడం లేదు, మనిషి మొహంలో, తలలో వచ్చే చిన్న కదలికను చూసి ఆగుతోంది. యజమాని మోసగాడు కాదు, తన తల కదులుతోందని ఆయనకే తెలియదు.

అందుకే ప్రేమ ఉందా లేదా అన్న చర్చ నాకు పనికిరానిదిగా తోస్తుంది. నాకూ ప్రేమ ఉండేది. గూడు కడిగేవాణ్ని, జబ్బు చేస్తే రాత్రంతా కూర్చునేవాణ్ని. నేను అడిగేది ఒక్కటే. ఇవాళ ఇది చేయనని జంతువు అంటే షోలో ఆ మాట చెల్లుతుందా? ఇంట్లో బంతి ఆట ఆడే కుక్క, విసుగొస్తే వెళ్లి మంచం కింద పడుకుంటుంది. ఆరు గంటల షోకి టికెట్లు అమ్మేశాక ఏ కుక్కకూ ఆ వీలు లేదు.

చట్టాలు ఒక్కో చోట ఒక్కో గీత గీశాయి. బొలీవియా 2009లో సర్కస్‌లో ఏ జంతువూ వద్దంది. ఇంగ్లండ్ 2020 నుంచి అడవి జంతువుల్ని ఆపింది. భారతదేశంలో పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి ఆటలు 1998 నుంచి నిషేధం. ఆ జాబితాలో నా గువ్వ లేదు.

ఆపేస్తే ఆ జంతువుల గతేమిటి అని అడిగినవారి మాటలో న్యాయం ఉంది. వదిలేస్తే బతకలేవు. డెన్మార్క్ ప్రభుత్వం 2019లో సర్కస్‌లలో మిగిలిన నాలుగు ఏనుగుల్ని తానే కొనేసింది. వాటిలో ఒకదానికి అలీ అనే ఒంటె స్నేహమట. విడదీయకూడదని ఒంటెనూ కొన్నారు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, ఆ కొనుగోలు పట్టీలో ఒంటెను చేర్చిన ఉద్యోగి ఎవరో, నాకు భలే నచ్చాడు. పోషించేవాళ్ల బతుకుతెరువు సంగతికొస్తే, అమెరికాలో పేరున్న రింగ్లింగ్ సర్కస్ 2016లో ఏనుగుల్ని, 2017లో మొత్తం ఆటనే ఆపేసి, 2023లో మనుషులతోనే మళ్లీ మొదలుపెట్టింది.

గువ్వలు పోయాక నాకు చప్పట్లు తగ్గాయి, అది దాచను. రుమాలు రంగు మారితే మెచ్చుకుంటారు, ప్రాణమున్నది రెక్క విప్పితే ఊపిరి బిగబడతారు. ఆ తేడాను ఎన్ని పేకముక్కలతోనూ పూడ్చలేకపోయాను.

చివరగా మీతో ఒక చిన్న పని. జంతువుల షో ఫోటో వేసినప్పుడు కింద "నవ్వుతున్న డాల్ఫిన్", "డాన్స్ చేస్తున్న ఏనుగు" అని రాయకండి. "నీటిలోంచి ఎగిరిన డాల్ఫిన్", "గొలుసుతో ఏనుగు" అని కనిపించింది రాస్తే చాలు. ఫోటోలో గొలుసు పడకుండా కత్తిరించకపోతే ఇంకా సంతోషం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెజీషియన్