సైకిల్ దారిని సైకిళ్లకే వదలండి

హైదరాబాద్‌లో సైకిల్ ట్రాక్‌ల వల్లే ట్రాఫిక్ పెరుగుతోందన్న వాదన సరికాదు. మా వీధి చివర మెయిన్ రోడ్డు మీద ఒక పక్కన రంగేసి సైకిల్ దారి అన్నారు, నెల తిరక్కుండానే అది కార్ల పార్కింగ్ అయిపోయింది, సాయంత్రమైతే టిఫిన్ బండ్లు కూడా అక్కడే, ఇక సైకిల్ మీద వచ్చేవాళ్లు బస్సుల మధ్యలోకే పోవాలి. పొద్దున్నే నేను చూసేది పేపర్ వేసే కుర్రాళ్లను, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మెన్లను, ట్యూషన్ పిల్లలను. వాళ్లకు సైకిల్ సరదా కాదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు, బాగుంది, కానీ ఊరి మధ్యలో ఉండేవాళ్లు అక్కడికి సైకిల్‌ను కారుకు కట్టుకుని వెళ్లాల్సిందే, మరి లోపలి రోడ్ల రద్దీ ఎలా తగ్గుతుంది? ముందు ప్రతి మెట్రో స్టేషన్ చుట్టూ 2 కిలోమీటర్ల మేర, ఉత్త గీతలు కాకుండా సిమెంటు దిమ్మెలతో వేరు చేసిన సైకిల్ దారి వేయాలి, స్టేషన్ కింద తాళం వేసుకునే స్టాండ్ పెట్టాలి, ఆ దారిలో ఆపిన కారును ఆ పూటే క్రేన్‌తో తీసేయాలి.